వంద వేస్తే వంద ఇస్తామంటారు, ఎందుకు?

ఆన్‌లైన్ కాసినోలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లకు మొదట కనిపించేది వెల్‌కమ్ బోనస్. వంద పౌండ్లు జమ చేస్తే మరో వంద మేం కలుపుతాం అంటారు. చెప్పినట్టే ఖాతాలో 200 కనిపిస్తాయి. ముక్కూ మొహం తెలియని మనిషికి ఏ వ్యాపారి అయినా వంద పౌండ్లు ఊరికే ఎందుకిస్తాడు? ఒక గుణకారం చేస్తే జవాబు దొరుకుతుంది. దానికి కావలసిన అంకెలు చాలావరకు నిబంధనల పేజీలోనే ఉంటాయి. ఆ పేజీ ఓపిగ్గా చదివేవాళ్లే తక్కువ.

ఉదాహరణకు బ్రిటన్‌ను తీసుకుందాం. అక్కడ ఆన్‌లైన్ స్లాట్లకు, అంటే నొక్కగానే బొమ్మలు తిరిగే ఆటలకు, చట్టపరమైన అనుమతి ఉంది, గ్యాంబ్లింగ్ కమిషన్ అనే నియంత్రణ సంస్థ ఉంది. అందువల్ల ఈ వ్యాపారం లెక్కలు కొంతైనా బయటికి కనిపిస్తాయి. చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన మన పిల్లలు కూడా అక్కడ చాలామంది ఉన్నారు.

ముందు వేజరింగ్ అనే షరతు చూడాలి. బోనస్‌ను, దానితో గెలిచినదాన్ని విత్‌డ్రా చేసుకోవాలంటే బోనస్‌కు ఇన్ని రెట్ల విలువైన పందేలు కాయాలి అన్నది దాని సారాంశం. 35 రెట్లు అన్నది చాలా కాలం మామూలుగా కనిపించిన అంకె. వంద పౌండ్ల బోనస్‌కు 35 రెట్లంటే 3,500 పౌండ్ల పందేలు. కొన్ని సైట్లు బోనస్‌తో పాటు మీరు జమ చేసిన సొమ్మును కూడా కలిపి లెక్కకడతాయి. అప్పుడది 7,000 అవుతుంది.

ఇక రెండో అంకె ఆర్‌టీపీ. కాసిన పందేల మొత్తంలో దీర్ఘకాలంలో ఎంత శాతం ఆటగాళ్లకు తిరిగి వస్తుందో ఇది చెబుతుంది. ఆన్‌లైన్ స్లాట్లలో 96 శాతం దాకా ఉండటం సాధారణం. మిగిలిన 4 శాతం కాసినోది. 3,500కు 4 శాతం ఎంత? 140 పౌండ్లు. అంటే షరతు పూర్తయ్యేదాకా ఆడితే సగటున పోయేది 140, వాళ్లిచ్చింది 100. బోనస్ మొత్తం వెనక్కి వెళ్లిపోగా, పైన మీ సొంత సొమ్ములో 40 పోతాయి. పైగా ఒకే ఆటను 96, 94, 92 శాతాల్లో వేర్వేరుగా అమర్చి సైట్లకు ఇచ్చే తయారీదారులున్నారు. పేరు అదే, బొమ్మలవే. 92 శాతం ఉన్న చోట ఇదే లెక్క 280 పౌండ్లకు చేరుతుంది. ఖాతాలో ఉన్నవే 200.

ఖాతాలో 200 పెట్టుకుని 3,500 ఎలా కాస్తామని అడగవచ్చు. గెలిచినదాన్నే మళ్లీ మళ్లీ కాస్తారు. 96 శాతం అంటే వందకు 96 ఎప్పుడూ పదిలంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. అలా కాదు. వంద పౌండ్లను ఒక విడత తిప్పితే సగటున 96 మిగులుతాయి. ఆ 96ను ఇంకో విడత తిప్పితే 92. పది విడతలు తిరిగేసరికి 66. ముప్పై అయిదు విడతలకు 24. నాలుగు శాతం చిన్న అంకెలాగే కనిపిస్తుంది, కానీ ప్రతి విడతలోనూ కోత పెడుతుంది. వేజరింగ్ షరతు చేసేది ఆ విడతల సంఖ్యను పెంచడమే.

ఇవన్నీ సగటులు. ఒకరిద్దరికి పెద్ద మొత్తం తగలవచ్చు, ఎక్కువమందికి షరతు సగంలో ఉండగానే ఖాతా ఖాళీ కావచ్చు. ఆ ఒకరిద్దరి గెలుపు ప్రకటనలో కనిపిస్తుంది, మిగిలినవాళ్ల సంగతి వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

బోనస్ అసలు ధర ఎంతో కాసినో వాళ్లే ఒప్పుకున్న చోటు ఒకటుంది. అది ఏ ఆట ఎంత శాతం లెక్కలోకి వస్తుందో చెప్పే పట్టిక. స్లాట్‌లో ఒక పౌండు కాస్తే పూర్తి పౌండూ వేజరింగ్‌లో జమ అవుతుంది. బ్లాక్‌జాక్ అనే పేకాటలో కాస్తే సాధారణంగా పదో వంతు, లేదా అసలేమీ కాదు. ఎందుకు? బ్లాక్‌జాక్‌ను పద్ధతిగా ఆడేవాడి దగ్గర కాసినోకు మిగిలేది సుమారు అర శాతమే. స్లాట్ దగ్గర నాలుగు శాతం, అంతకు మించి. నాకు ఎక్కువ మిగిల్చే ఆటే ఆడు, అప్పుడే నీ బోనస్ నీకిస్తానని ఆ పట్టిక సూటిగా చెబుతోంది. నిబంధనల పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ పట్టిక చదవండి.

దాని పక్కనే గడువు, ఒక్కో స్పిన్‌కు గరిష్ఠ పందెం, గెలిచినా ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి ఉంటాయి. గడువు దాటినా, గరిష్ఠ పందెం మించినా బోనస్, దానితో వచ్చిన గెలుపు రద్దు కావచ్చు.

ఫ్రీ స్పిన్లదీ ఇదే దారి. పది పెన్నీల చొప్పున 50 స్పిన్లంటే వాటి విలువ 5 పౌండ్లు, సగటు గెలుపు 4 పౌండ్ల 80 పెన్నీలు. ఆ గెలుపుకు 35 రెట్ల షరతు పెడితే 168 పౌండ్ల పందేలు కాయాలి. అందులో నాలుగు శాతం 6 పౌండ్ల 72 పెన్నీలు. గెలిచినదానికంటే పోగొట్టుకోవలసిందే ఎక్కువ.

డబ్బుతో పాటు కాలం కూడా ఖర్చవుతుంది. బ్రిటన్‌లో 2021 అక్టోబరు నుంచి ఒక్కో స్పిన్ కనీసం రెండున్నర సెకన్లు పట్టాలి. స్పిన్‌కు పౌండు చొప్పున 3,500 స్పిన్లు తిప్పాలంటే, క్షణం ఆగకుండా నొక్కినా దాదాపు రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంతసేపూ షరతు ఎంత పూర్తయిందో చూపించే గీత తెర మీద నెమ్మదిగా నిండుతుంటుంది. 70 శాతం నిండాక ఆపడం కష్టం. ఇప్పుడు ఆపితే ఇంతసేపు ఆడింది వృథా అనిపిస్తుంది. నా దృష్టిలో బోనస్ చేసే పెద్ద హాని ఇదే. లేవాల్సిన మనిషిని లేవనివ్వదు, ఈ ఆట గంటల తరబడి కూర్చుని ఆడేదన్న అలవాటును మొదటి రోజే నేర్పుతుంది.

ఆట తీరు కూడా అందుకు తోడవుతుంది. ఇరవై వరుసల మీద పౌండు కాస్తే ఏదో ఒక వరుసలో 40 పెన్నీలు వచ్చాయనుకోండి. పోయింది 60 పెన్నీలు, మోగేది గెలుపు సంగీతం. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి నష్టాలకు ఆటగాళ్ల శరీరం నిజమైన గెలుపుకు స్పందించినట్టే స్పందిస్తోందని తేల్చారు. నష్టాన్ని గెలుపుగా చూపించే ఈ హంగామాను, దానితో పాటు స్పిన్లు వాటంతటవే తిరిగే ఆటోప్లేను కూడా బ్రిటన్ 2021లోనే నిషేధించింది.

మరి ఈ బోనస్‌లను అంతగా మెచ్చుకుంటూ జాబితాలు ఇచ్చేవాళ్లకు ఏమిటి లాభం? వాళ్లలో చాలామంది అఫిలియేట్లు. వాళ్ల లింకు నొక్కి చేరిన ఆటగాడు పోగొట్టుకున్నదాంట్లో వాళ్లకు వాటా అందే ఒప్పందాలు ఈ వ్యాపారంలో మామూలు. అలాంటి ఒప్పందంలో 'బెస్ట్ బోనస్' అని సలహా ఇచ్చినవాడికి మీరు ఓడితేనే ఆదాయం.

ఇంత లెక్కా ప్రభుత్వాలకు తెలియనిది కాదు. ఆటగాడు తన సొంత జమను వెనక్కి తీసుకోవడానికి కూడా ముందు ఇన్నిసార్లు ఆడాలన్న షరతును 2018లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ జోక్యంతో కొన్ని పెద్ద కంపెనీలు వదులుకున్నాయి. 2026 జనవరి 19 నుంచి అక్కడ వేజరింగ్ పది రెట్లు దాటకూడదు. అప్పుడు వంద బోనస్‌కు వెయ్యి పౌండ్ల పందేలు, సగటు నష్టం 40. పాత లెక్కతో పోలిస్తే ఇది నిజమైన మేలు. కానీ లైసెన్సు లేకుండా వేరే దేశాల నుంచి నడిచే సైట్లకు ఈ పరిమితి పట్టదు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఫోన్లకు వచ్చే బోనస్ ప్రకటనలు అలా లైసెన్సు లేని సైట్లవే. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం దేశమంతటికీ వర్తించేలా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ తారలు, యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టారు.

నిషేధం ఉన్న చోట పైన చేసిన గుణకారం కూడా పనికిరాదు. ఎందుకంటే ఆ యాప్‌లో ఆర్‌టీపీ 96 శాతమో 60 శాతమో తనిఖీ చేసే అధికారి ఎవరూ ఉండరు. గెలిచినట్టు చూపించి, విత్‌డ్రా చేయబోతే ముందు 'ట్యాక్స్' కట్టమని, 'ప్రాసెసింగ్ ఫీజు' కట్టమని మళ్లీ డబ్బు అడుగుతారు. అలా అడిగారంటే మోసమేనని గట్టిగా అనుకోండి, ఒక్క రూపాయి కూడా పంపకండి.

అలా డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీరో, మీ ఇంట్లోవాళ్లో ఆట ఆపలేకపోతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు జూదం హెల్ప్‌లైన్ 0808 8020 133కు ఫోన్ చేయవచ్చు. అక్కడి గ్యామ్‌స్టాప్ అనే స్వీయ నిషేధ సేవలో పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ ఆరు నెలలు, ఏడాది, లేదా అయిదేళ్ల పాటు మిమ్మల్ని ఆడనివ్వవు.