విమానం మారే చోట దారి తప్పకుండా

మన గోదావరి జిల్లాల్లో కువైట్, మస్కట్, దుబాయ్, దోహాలలో ఎవరో ఒకరు లేని వీధి అరుదు. ఉమ్రాకు వెళ్లే పెద్దలూ ఏటికేడు పెరుగుతున్నారు. మధురపూడి నుంచి విదేశాలకు నేరు విమానం లేదు. హైదరాబాద్ శంషాబాద్ చేరి, అక్కడి నుంచి టికెట్ తక్కువకు వస్తుందని దోహాలోనో దుబాయ్‌లోనో మరో విమానం మారేవారే ఎక్కువ. భయమంతా ఆ మధ్య మజిలీ దగ్గరే.

మా సొసైటీకి వచ్చే ఒక ఖాలా మొదటిసారి కువైట్ వెళుతూ మధ్యలో దిగింది. తనతో దిగిన జనం ఎటు వెళితే అటే నడిచింది. వాళ్లంతా ఆ ఊళ్లోనే దిగిపోయేవాళ్లు. గంటసేపు ఇమిగ్రేషన్ వరుసలో నిలబడ్డాక "నీకు ఈ దేశం వీసా లేదు" అన్నారు. వెనక్కి పరుగెత్తి గేటు చేరేసరికి తలుపు మూసేశారు. ఆమె రాత్రంతా కుర్చీలో ఏడుస్తూ కూర్చుంది. ఆమెకు ముందే తెలిసి ఉండాల్సిన నాలుగు మాటలే ఇక్కడ రాస్తున్నాం.

ఇంటి దగ్గరే అడగవలసినవి

"రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయా?" అని ఏజెంటును అడగండి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. విడివిడి టికెట్లయితే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. పెట్టె మధ్యలోనే బయటికి రావచ్చు, అది తెచ్చుకోవడానికి ఆ దేశం వీసా కావలసి రావచ్చు.

శంషాబాద్ కౌంటర్లో రెండు బోర్డింగ్ పాసులూ ఇమ్మని అడగండి. పెట్టెకు కట్టే చీటీ మీద చివరి ఊరి గుర్తు చూసుకోండి. కువైట్‌కు కె.డబ్ల్యు.ఐ., జిద్దాకు జె.ఇ.డి. అని ఉండాలి.

దిగిన తర్వాత

"ఎరైవల్స్" బోర్డు ఆ ఊళ్లో దిగేవారిది. మనం వెళ్లవలసింది "ట్రాన్స్‌ఫర్స్" లేదా "కనెక్షన్స్" అన్న బోర్డు వెంట. అక్కడ మళ్లీ తనిఖీ ఉంటుంది. నీళ్ల సీసా ముందే ఖాళీ చేసుకోండి. తర్వాత పెద్ద తెరల మీద ఊరి పేరు కాక విమానం నంబరు వెతకండి. ఒకే ఊరికి గంట తేడాలో రెండు మూడు విమానాలు ఉంటాయి. గేటు మారవచ్చు కనుక అరగంటకోసారి చూడండి.

దుబాయ్ మూడో టెర్మినల్‌లో ఏ, బీ, సీ అని మూడు విభాగాలు ఉన్నాయి. రెండో టెర్మినల్ విమానాశ్రయానికి అవతలి పక్క ఉంటుంది, అక్కడికి బస్సులో వెళ్లాలి. దోహా హమద్ విమానాశ్రయంలో నడిమధ్య దీపం తొడుక్కున్న పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంది. తోడుగా వచ్చినవారు విడిపోతే "బొమ్మ దగ్గర కలుద్దాం" అనుకోవచ్చు. టీ, నమాజు ఏదైనా ముందు గేటు ఎక్కడో చూసుకున్నాకే. నమాజు గదులు, వుజూ వసతి ఈ రెండు చోట్లా ఉన్నాయి.

పాసు మీది వేళ ఆ ఊరి వేళే. దోహా, కువైట్, జిద్దా మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. కువైట్ నుంచి తిరిగి వస్తూ దుబాయ్‌లో గడియారం మార్చుకోకపోతే గంట వెనకబడతాం, విమానం తప్పుతుంది.

ఉమ్రా వెళ్లేవారికి

జిద్దాలో దిగకముందే, గాలిలో ఉండగానే మీఖాత్ దాటిపోతుంది. ఇహ్రామ్ బట్టలు పెద్ద పెట్టెలో వేస్తే అవి జిద్దాలోగాని చేతికి రావు. చేతిసంచిలో ఉంచుకుని, విమానం మారే చోటే తీరికగా కట్టుకోవడం మేలు.

సామానులో

బిర్యానీ మసాలాకని గసగసాలు పెట్టకండి. యూఏఈ, సౌదీలలో అవి మత్తు పదార్థాల కింద నిషిద్ధం, జైలుపాలైనవారు ఉన్నారు. మన కోనసీమ కురిడీలు కూడా వద్దు. ఎండు కొబ్బరిలోని నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని విమానంలోకి రానివ్వరు. ఆవకాయ చేతిసంచిలో వద్దు. పవర్ బ్యాంక్ మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. మందులకు డాక్టరు చీటీ జతచేయండి. "మా అబ్బాయికి ఈ పొట్లం ఇవ్వు" అని ఎవరిచ్చినా, విప్పి చూడకుండా తీసుకోవద్దు.

పనికి వెళ్లే అక్కాచెల్లెళ్లకు

పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వారికి ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. 30 ఏళ్లు నిండని ఈసీఆర్ మహిళలకు ఇంటిపనికి అనుమతి ఇవ్వరు. దీన్ని తప్పించడానికే కొందరు "విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లు, అక్కడి నుంచి మస్కట్ పంపుతాం, అడిగితే చూడ్డానికి వెళుతున్నానని చెప్పు" అంటారు. ఆ మాట వినగానే ఆగిపోండి. అలా వెళితే చేతిలో ఒప్పందం ఉండదు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు.

తిరిగి వచ్చేటప్పుడు

చీటీ మీద రాజమండ్రి అని ఉన్నా, సాధారణంగా పెట్టె హైదరాబాద్‌లోనే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. అది తెలియక ఒట్టి చేతులతో మధురపూడిలో దిగినవారు ఉన్నారు.

చదువుకున్న పిల్లలకు ఒక మాట. మీ అమ్మకో, ఖాలాకో, పక్కింటి ఆపాకో ప్రయాణానికి ముందు ఒక అట్టముక్క మీద విమానాల నంబర్లు, మారే ఊరు, అక్కడి వేళ, అక్కడ తీసుకెళ్లేవారి ఫోన్ నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దక్షరాలతో రాసివ్వండి. మాట రాకపోయినా ఆ అట్ట చూపిస్తే సిబ్బంది దారి చూపుతారు. మొదట చెప్పిన ఖాలా రెండోసారి అలాంటి అట్టతోనే వెళ్లింది, తడబడకుండా గేటు చేరింది. దారిలో అయోమయంగా నిలబడిన మరో తెలుగు తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. బాటసారికి దారి చూపడమూ సదఖాయే కదా.