సీనోరాబ్డైటిస్ ఎలిగెన్స్‌లో యాంటీ ఆక్సిడెంట్ల కొవ్వు పరీక్ష

సీనోరాబ్డైటిస్ ఎలిగెన్స్ సుమారు ఒక మిల్లీమీటరు పొడవు గల, పారదర్శకమైన నులిపురుగు. యాంటీ ఆక్సిడెంట్లు (ఆక్సీకరణ నిరోధకాలు) శరీరంలోని కొవ్వును తగ్గిస్తాయా అన్న ప్రశ్నకు ప్రయోగశాలలో తొలి సమాధానం వెదకడానికి ఈ పురుగును ఉపయోగిస్తారు. మొక్కల నుండి తీసిన పదార్థాన్ని దానికి ఆహారంతో పాటు ఇచ్చి, కొన్ని రోజుల తరువాత దాని దేహంలోని కొవ్వును కొలుస్తారు. పరీక్ష సులువైనదే. కాని పురుగులో కొవ్వు తగ్గినంత మాత్రాన అది యాంటీ ఆక్సిడెంటు గుణం వల్లనే తగ్గిందని నిర్ధారించడానికి వీలులేదు. మిరప వంటి పంటల విషయంలో ఈ తేడా మరింత ముఖ్యమైనది.

పురుగు వివరాలు

మిరప పండించే రైతులకు నులిపురుగు అనగానే వేర్లపై బుడిపెలు కలిగించే మెలాయిడోగైన్ గుర్తుకు వస్తుంది. ఎలిగెన్స్ కూడా ఆ వర్గానికే చెందినదైనా పంటకు హాని చేయదు. ఇది కుళ్ళుతున్న పండ్లు, ఆకులపై పెరిగే బాక్టీరియాను తిని జీవిస్తుంది. సిడ్నీ బ్రెన్నర్ 1960 దశకంలో దీనిని పరిశోధనకు ఎంచుకొని, 1974లో దీని జన్యుశాస్త్రంపై వ్యాసం ప్రచురించాడు. ఉభయలింగ పురుగు దేహంలో బీజకణాలు కాక 959 కణాలు ఉంటాయి. వీటిలో 302 నాడీకణాలు. దీని జన్యుక్రమం 1998లో వెలువడింది. బహుకణ జీవులన్నిటిలో ఇదే మొదటిది.

ఈ పురుగుకు ప్రత్యేకమైన కొవ్వు కణాలు లేవు. కొవ్వు చిన్న బిందువుల రూపంలో పేగు కణాలలోను, చర్మ కణాలలోను నిలువ ఉంటుంది. దేహం పారదర్శకం కనుక, రంగు పట్టించిన ఆ బిందువులను సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. గ్రుడ్డు నుండి మూడు, నాలుగు రోజులలో పెద్దదై, రెండు, మూడు వారాలు జీవిస్తుంది.

మిరప, పత్తి నేపథ్యం

2022 జిల్లాల పునర్విభజనకు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలు మిరపకు, పత్తికి పేరుపొందినవి. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. గుంటూరు సమీపంలోని లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుండి పలు మిరప రకాలు విడుదలయ్యాయి. మిరపలో మూడు రకాల యాంటీ ఆక్సిడెంట్లు చెప్పుకోదగినవి: సి విటమిను, ఎరుపు రంగునిచ్చే క్యాప్సాంతిన్ వంటి కెరోటినాయిడ్లు, కారాన్నిచ్చే క్యాప్సైసిన్. పచ్చికాయలో సి విటమిను అధికం. కళ్ళాలలో ఎండబెట్టినప్పుడు అందులో చాలా భాగం నశిస్తుంది. కనుక పచ్చిమిరప సారం, ఎండుమిరప సారం ఒకటి కావు.

పత్తి గింజలోని గాసిపాల్‌కు కూడా ఆక్సీకరణను నిరోధించే గుణం ఉంది. కాని అది విషపదార్థం. చైనాలో 1970 దశకంలో పురుషుల గర్భనిరోధక మందుగా దీనిని పరీక్షించినప్పుడు కొందరిలో రక్తంలోని పొటాషియం పడిపోయింది, కొందరికి సంతాన సామర్థ్యం తిరిగి రాలేదు. యాంటీ ఆక్సిడెంటు అన్న మాట క్షేమానికి హామీ కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

పరీక్షా విధానం

పురుగులను అగర్ పోసిన పళ్ళేలలో ఇ. కోలి బాక్టీరియాపై పెంచుతారు. వయసుతో పాటు కొవ్వు మారుతుంది కనుక అన్నీ ఒకే వయసువి కావాలి. ఇందుకోసం పెద్ద పురుగులను బ్లీచింగ్ ద్రావణంలో కరిగించి, మిగిలిన గ్రుడ్లను ఒకేసారి పొదిగిస్తారు. కొన్ని పళ్ళేలలో పరీక్షించే పదార్థాన్ని వేర్వేరు మోతాదులలో కలుపుతారు, కొన్నిటిలో కలపరు. క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు కనుక దానిని ఆల్కహాలు వంటి ద్రావణిలో కరిగించి కలపాలి. అప్పుడు పదార్థం కలపని పళ్ళేలలో కూడా అదే ద్రావణిని అంతే పరిమాణంలో కలపాలి. లేనిచో మార్పు ద్రావణి వల్ల వచ్చినదో, పదార్థం వల్ల వచ్చినదో తెలియదు. ఏ పళ్ళెం ఏదో తెలియని వ్యక్తి చేత లెక్కింపు చేయించడం మంచి పద్ధతి.

కొవ్వు కొలత

2003లో కావే అష్రాఫీ, గ్యారీ రవ్కున్ తదితరులు నైల్ రెడ్ అనే రంగును బ్రతికి ఉన్న పురుగులకు తినిపించి 16,757 జన్యువులను పరీక్షించారు. వాటిలో 305 జన్యువులను అణచినప్పుడు కొవ్వు తగ్గిందని, 112 జన్యువులను అణచినప్పుడు పెరిగిందని ప్రకటించారు. అయితే 2009లో రవ్కున్ ప్రయోగశాల నుండే వెలువడిన మరొక వ్యాసం, బ్రతికి ఉన్న పురుగులో నైల్ రెడ్ పట్టేది ప్రధాన కొవ్వు నిలువలకు కాదని, పేగు కణాలలోని లైసోజోము వంటి భాగాలకని తేల్చింది. అప్పటి నుండి పురుగులను రసాయనంతో స్థిరపరచి ఆయిల్ రెడ్ ఓ వంటి రంగులు పట్టించడం, కొవ్వును వేరుచేసి రసాయనికంగా కొలవడం మేలైన పద్ధతులుగా భావింపబడుతున్నాయి.

పొరపాటుకు తావిచ్చే కారణాలు

మొదటిది ఆకలి. మిరప సారం బాక్టీరియాను చంపినా, దాని రుచి పురుగుకు నచ్చకపోయినా పురుగు తక్కువ తిని చిక్కిపోతుంది. అందుచేత గొంతు కదలికలను నిమిషానికి ఎన్నో లెక్కిస్తారు. ముందే చంపిన బాక్టీరియాను ఆహారంగా ఇచ్చి కూడా పరీక్షిస్తారు.

రెండవది విషప్రభావం. జబ్బుపడిన పురుగు ఆలస్యంగా ఎదుగుతుంది, తక్కువ గ్రుడ్లు పెడుతుంది, దానిలో కొవ్వు కూడా తగ్గవచ్చు. దీనిని ప్రయోజనంగా పొరబడరాదు.

మూడవది పురుగుమందుల అవశేషాలు. మిరప, పత్తి పంటలపై పురుగుమందుల వాడకం ఎక్కువ. ఆర్గానోఫాస్ఫేటు మందులు కీటకాలలో ఏ ఎంజైమును అడ్డుకుంటాయో, ఈ నులిపురుగులో కూడా దానినే అడ్డుకుంటాయి. మార్కెట్లో కొన్న కాయల సారంతో చేసే పరీక్షలో అవశేషాలను కొలవకపోతే, మందు చేసిన పని మిరప ఖాతాలో పడుతుంది.

యాంటీ ఆక్సిడెంటు గుణమే కారణమా?

కొవ్వు నిజంగా తగ్గినా ఈ ప్రశ్న మిగులుతుంది. ఆ గుణమే కారణమైతే పురుగులో ఆక్సీకరణ కారకాలు కూడా తగ్గాలి, వేరే యాంటీ ఆక్సిడెంట్లు సైతం అదే ఫలితాన్ని ఇవ్వాలి. పైగా ఆక్సీకరణ ఎల్లప్పుడూ చెడ్డది కాదు. 2007లో మైకేల్ రిస్టో బృందం గ్లూకోజు వినియోగాన్ని అడ్డుకున్నప్పుడు ఈ పురుగుల ఆయుష్షు పెరిగింది. యాంటీ ఆక్సిడెంట్లు ఇవ్వగానే ఆ లాభం పోయింది.

మనుషులకు వర్తింపు

క్యాప్సైసిన్ మనిషిలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ద్వారా మంట కలిగిస్తుంది. దీనిని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ఎలిగెన్స్ సహజంగా క్యాప్సైసిన్ నుండి తప్పుకొనిపోదు. 2002లో శాస్త్రవేత్తలు క్షీరదాల గ్రాహకాన్ని దాని నాడీకణాలలో చేర్చిన తరువాతనే అలా చేసింది. అనగా మిరపకారం మనిషిలో పనిచేసే ముఖ్యమైన మార్గం ఈ పురుగులో అదే రూపంలో లేదు.

మనుషులపై జరిగిన పెద్ద పరీక్షలు కూడా జాగ్రత్తను సూచిస్తున్నాయి. ఫిన్లాండులో పొగత్రాగే పురుషులకు బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చిన పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతం పెరిగిందని 1994లో వెల్లడైంది. కావున పురుగులో వచ్చిన ఫలితాన్ని తదుపరి పరిశోధనకు ఆధారంగా మాత్రమే గ్రహించాలి. ఆహారం, ఎదుగుదల, అవశేషాలు, కొవ్వు కొలత అన్నీ సరిచూసిన పరీక్షకే ఆ విలువ ఉంటుంది. దానిని చూపి కొవ్వు కరిగించే మాత్రలు, పొడులు అమ్మడానికి శాస్త్రీయ ఆధారం లేదు.