పెద్ద వయసువారికి మూలకణాల మార్పిడి



"నాన్నగారికి అరవై ఐదు దాటాయి సిస్టర్, ఇంక ఇంటికి తీసుకెళ్తాం." రక్త క్యాన్సర్ అని తెలిశాక కుటుంబాల నోట ఈ మాట వింటుంటాము. ఆ నిర్ణయానికి ముందు ఒక సంగతి తెలుసుకోండి: వయసు ఒక్కటే ఇప్పుడు అడ్డు కాదు.

రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. జబ్బుపడిన మూలుగను బలమైన మందులతో అణచి, దాత మూలకణాలను రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. మన దేశంలో ఇది 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో, 1986లో వేలూరు సి.ఎం.సి.లో ప్రారంభమైంది. అప్పట్లో ఆ మందుల తీవ్రతను పెద్దలు తట్టుకోలేకపోయేవారు. 1990ల చివరలో మోతాదు తగ్గించే పద్ధతి వచ్చింది. మిగిలిన క్యాన్సర్ కణాలతో దాత కణాలే పోరాడతాయి.

ఎం.డి.ఎస్. అనే మూలుగ జబ్బు ఉన్న 50–75 ఏళ్లవారిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. సరిపోయే దాత దొరికినవారిలో మూడేళ్లకు నూటికి సుమారు 48 మంది, దొరకనివారిలో 27 మంది జీవించి ఉన్నారు.

ఒక్కో తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. కన్నబిడ్డలు సగం సరిపోతారు. నేడు అదీ పనికివస్తుంది. "నా కోసం బిడ్డకు హాని వద్దు" అని పెద్దలు వెనుకాడవద్దు. దాత ఇచ్చిన కణాలు కొద్ది వారాల్లో తిరిగి తయారవుతాయి.

ప్రమాదాలు లేకపోలేదు. ఇన్‌ఫెక్షన్లు రావచ్చు, దాత కణాలు రోగి చర్మం, కాలేయం, పేగులపై దాడి చేయవచ్చు. అందుకే ముందుగా గుండె, కిడ్నీలు, రోగి ఓపిక పరీక్షిస్తారు. అందరికీ ఇది తగదు.

కాబట్టి మొదటి నెలలోనే డాక్టరుగారిని అడగండి: "మా వారికి మార్పిడి పనికివస్తుందా?" అంతవరకు డాక్టరు సలహాతో రోజూ కొంత నడిపించండి, గుడ్డు, పప్పు పెట్టండి, షుగరు, బి.పి. అదుపులో ఉంచండి, పళ్లు చూపించండి. ప్రార్థిద్దాం, అడగడమూ మానవద్దు.