పేజీ ఎక్కడ ఆగిపోయింది?

పదవ తరగతి ఫలితాలు వచ్చే రోజు. దోమలో ఒక విద్యార్థి ఫోను పట్టుకుని కూర్చున్నాడనుకోండి. (దోమ అంటే కుట్టే దోమ కాదు సుమా! వికారాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం.) సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. అయినా పేజీ తెరుచుకోదు. ఒకడు ఫోను ఆపి మళ్ళీ పెట్టమంటాడు. ఇంకొకడు సిమ్ మార్చెయ్యమంటాడు. మూడోవాడు వెబ్‌సైటే చెడిపోయిందంటాడు. ఇందులో ఎవరి మాట నిజం? దానికి జవాబు చాలాసార్లు తెర మీదే రాసి ఉంటుంది. చదవకుండా మూసేస్తాం, అంతే!

పేజీని అడగడమంటే ఒక జాబు రాసి జవాబు తెప్పించుకోవడం లాంటిది. మీ జాబు రేడియో తరంగాలుగా టవరుకు చేరుతుంది. టవరు నుంచి గాజు తీగ మీదుగానో, డిష్‌ల ద్వారానో మొబైల్ కంపెనీ కేంద్రానికి పోతుంది. అక్కడి నుంచి ఇంటర్నెట్‌లో పడి, ఆ వెబ్‌సైటును నడిపే కంప్యూటరును, అంటే సర్వరును చేరుతుంది. జవాబు మళ్ళీ ఇదే విధంగా తిరిగి రావాలి. ఈ దారిలో జాబు ఎంత దూరం పోయి ఆగిందో తెలిస్తే వైద్యం ఎక్కడ చెయ్యాలో తెలుస్తుంది.

తెర మీద 404 అని కనబడితే చాలామంది "నెట్ రావడం లేదు" అంటారు. నిజానికి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు! 404 వచ్చిందంటే మీ నెట్ భేషుగ్గా ఉన్నట్టే. జాబు సర్వరు దాకా వెళ్ళింది, సర్వరు వెతికి చూసి "ఆ పేజీ మా దగ్గర లేదు" అని జవాబు కూడా పంపింది. చిరునామాలో ఒక అక్షరం తప్పు పడి ఉండాలి, లేదా ఆ పేజీని తీసేసి ఉండాలి. ఇలా మూడంకెల సంఖ్య వచ్చినప్పుడు మొదటి అంకె చూడండి. 4 అయితే మీరు అడగడంలో ఏదో తేడా ఉందని సర్వరు అంటోందన్నమాట. 5 అయితే ఇబ్బంది సర్వరుదే. అప్పుడు సిమ్ తీసి తుడిచి పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు.

ఏ సంఖ్యా రాకుండా చక్రం తిరుగుతూనే ఉంటే? అప్పుడు దారిని అనుమానించాలి.

గీతలు నిండుగా ఉన్నాయి గదా, రేడియో దారి బాగున్నట్టేనా? అలా అనుకోవడానికి వీల్లేదు. టవరు గొంతు మీ ఫోనుకు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే ఆ గీతలు చెబుతాయి. మీ గొంతు టవరుకు వినిపిస్తోందా లేదా అన్నది వేరే ప్రశ్న. టవరు పదుల వాట్ల శక్తితో తరంగాలు పంపుతుంది. 4జి ఫోను పంపగలిగేది మామూలుగా 0.2 వాటు వరకే. గుట్ట మీద మైకు పెట్టుకున్నవాడి మాట కింద ఉన్నవాడికి వినిపిస్తుంది, వీడు కింద నుంచి గొణిగితే వాడికి వినపడదు! అనంతగిరి వైపు గుట్టల చాటున, అడవి పక్కన ఉండే ఊళ్ళలో ఇలాంటిది జరగడానికి వీలు ఎక్కువ. డాబా ఎక్కి చూడండి. ఒక నిమిషం ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీయండి, ఫోను టవరును కొత్తగా వెతుక్కుంటుంది. అదే టవరు మీద ఊరంతా ఒకేసారి సినిమాలు చూస్తున్నా పేజీ నత్తనడక నడుస్తుంది. ఆ రద్దీని కూడా గీతలు చూపించవు.

రోజువారీ డేటా అయిపోయిందేమో కూడా చూడండి. చాలా ప్లాన్లలో ఆ తరువాత నెట్ ఆగదు కాని, వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. 3 మెగాబైట్ల పేజీ ఉందనుకోండి. బైటుకు 8 బిట్ల చొప్పున అది 24,000 కిలోబిట్లు. 64తో భాగిస్తే 375 సెకన్లు, అంటే ఆరుంపావు నిమిషాలు! అంతసేపు ఎదురుచూసే ఓపిక మనకే కాదు, బ్రౌజరుకు కూడా ఉండకపోవచ్చు. "సమయం మించిపోయింది" అని చేతులెత్తేస్తుంది.

ఇక అన్నిటికంటె తమాషా అయిన చోటు పేరు దగ్గర ఉంది. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లకు పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. మనకేమో నంబర్లు గుర్తుండవు. మన పదవ తరగతి పరీక్షల బోర్డు పేరు చూడండి: బిఎస్ఇ డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్. దీన్ని వెనక నుంచి చదవండి. ఇన్ అంటే ఇండియా, గవ్ అంటే ప్రభుత్వం, ఆ తరువాత తెలంగాణ, చివరికి బోర్డు. కవరు మీద ఊరు, మండలం, జిల్లా, దేశం రాసినట్టే లేదూ? పేరును నంబరుగా మార్చే ఈ ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ అనే అమెరికన్ రూపొందించాడు. దాని పేరు డిఎన్ఎస్. పేజీ అడిగే ముందు ఫోను ఈ డైరెక్టరీని అడిగి నంబరు తెలుసుకోవాలి. డైరెక్టరీ పలకకపోతే మిగతా దారంతా బాగున్నా జాబు కదలదు.

2021 అక్టోబరు 4న సరిగ్గా ఇదే జరిగింది. మనకు రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక తప్పు ఆజ్ఞ వల్ల ఆ కంపెనీ సొంత నెట్‌వర్కు తెగింది. దాంతో దాని డైరెక్టరీ సర్వర్లు బయటి ప్రపంచానికి కనబడకుండా పోయాయి. ఇల్లు ఉంది, ఇంట్లో మనుషులున్నారు, చిరునామా చెప్పేవాడే లేడు! ఆరు గంటలపాటు ప్రపంచమంతటా ఎందరు తమ ఫోన్లను ఆపి పెట్టి ఉంటారో!

ఫోనులో "ఎన్ఎక్స్ డొమైన్" అనే మాట కనబడితే ఆ పేరు డైరెక్టరీలో దొరకలేదని అర్థం. ముందు అక్షరాలు సరిచూసుకోండి. అవి సరిగానే ఉండి, వేరే కంపెనీ సిమ్ ఉన్న స్నేహితుడి ఫోనులో అదే పేజీ తెరుచుకుంటే, మీ కంపెనీ డైరెక్టరీని అనుమానించవచ్చు. ఆండ్రాయిడ్ సెట్టింగులలో "ప్రైవేట్ డిఎన్ఎస్" అనే చోట వేరే డైరెక్టరీ పేరు ఇచ్చుకోవచ్చు. అక్కడ ఎవరో ఏదో తప్పు పేరు రాసిపెట్టినందువల్లే నెట్ ఆగిపోవడమూ కద్దు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. ప్రయోగశాలలో లాగానే! అన్నీ కలిపి మార్చేస్తే నయమైనా ఏ మందుకు నయమైందో తెలియదు.

"మీ కనెక్షన్ సురక్షితం కాదు" అనే హెచ్చరిక వస్తే ఫోనులో తేదీ చూడండి. ప్రతి సర్వరూ తాను ఫలానా అని ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. దానికి గడువు ఉంటుంది. మీ ఫోను 2015లో ఉంటే నిన్నటి పత్రం కూడా దొంగపత్రంగా కనబడుతుంది. తేదీ సరిగా ఉన్నా హెచ్చరిక పోకపోతే మాత్రం అక్కడ పాస్‌వర్డు ఇవ్వకండి.

మీరు చేయని తప్పు మీ మీద పడడమూ ఉంది. పాత పద్ధతి ఇంటర్నెట్ నంబర్లు మొత్తం 2ను 32 సార్లు హెచ్చవేసినన్ని, అంటే సుమారు 429 కోట్లు. అవి ప్రపంచానికి చాలవు. అందుచేత మొబైల్ కంపెనీలు ఒకే నంబరును ఎంతోమందికి పంచుతాయి. వాళ్ళలో ఒకడు ఒక వెబ్‌సైటును అదేపనిగా పీడిస్తే, అది విసిగి ఆ నంబరును కాసేపు రానివ్వదు. అప్పుడు "మరీ ఎక్కువసార్లు అడిగారు" అనే జవాబు మీకూ వస్తుంది. దాని సంఖ్య కూడా 429 కావడం కేవలం కాకతాళీయమే! ఇక్కడ కూడా ఫ్లైట్ మోడ్ పనికిరావచ్చు, కొత్త నంబరు దొరికితే.

మళ్ళీ ఫలితాల రోజుకు వద్దాం. ఆ రోజు ఎక్కువగా కనబడేవి 503, 504. కందులు తెచ్చినవాళ్ళందరూ తాండూరు మార్కెట్ యార్డుకు ఒకే పూట వస్తే కాటా దగ్గర ఏమవుతుంది? అదే 503. మళ్ళీ మళ్ళీ నొక్కితే ఆ వరుసలో మీరే ఇంకో బండి పెట్టినట్టు. కాసేపాగి చూడండి. 504 వేరు. ముందున్న సర్వరు వెనకనున్న సర్వరును అడిగింది, జవాబు వేళకు అందలేదు. పని జరగలేదని దీని అర్థం కాదు. జరిగి కూడా కబురు అందకపోయి ఉండవచ్చు. అందువల్ల కాలేజీ దరఖాస్తుకు ఫీజు కడుతూండగా 504 వస్తే వెంటనే రెండోసారి కట్టకండి. ముందు బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గిందో లేదో, దరఖాస్తు పేజీలో ఫీజు అందినట్టు నమోదైందో లేదో చూడండి.