తలదెబ్బకు నష్టపరిహారము: రైతు భద్రపరచవలసిన కాగితములు

కాలు విరిగినవానిని చూడగానే ఎవరైనను అతని నష్టమును గ్రహింతురు. తలకు దెబ్బ తగిలినవాని సంగతి అట్లు కాదు. పై గాయము కొలది దినములలో మానును, మనిషి లేచి తిరుగును. కాని నీటి వంతు ఏనాడో మరచును, పురుగుమందు కలుపు పాళ్లు తప్పును, చిన్న మాటకే కోపగించును, మధ్యాహ్నమునకే అలసి పండుకొనును. ఈ మార్పును ఇంటివారే ముందుగా కనిపెట్టుదురు. ఇది కూడ చట్టము గుర్తించు నష్టమే. అయితే కంటికి కనబడని దానిని కాగితముపై చూపవలసిన భారము మీది.

వాహన ప్రమాదమునే తీసికొందము. ఆసుపత్రిలో ఉన్నదున్నట్లు చెప్పి మెడికో లీగల్ కేసుగా వ్రాయించుడు. పోలీసుల గొడవకు జడిసి "మెట్లపై జారి పడినాడు" అని చెప్పువారు కలరు. ఆ ఒక్క వాక్యమునే బీమా కంపెనీ తరువాత కోర్టులో చూపును. ఎంతసేపు స్పృహ తప్పినది కేసు షీటులో ఉండవలెను. సి.టి. స్కాను ఫిల్ములు, డిశ్చార్జి కాగితము, మందుల బిల్లులు, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఒకేచోట దాచుడు. 2025 మే 5 నుండి అమలులోనున్న కేంద్ర పథకము క్రింద, రోడ్డు ప్రమాద బాధితునికి నియమిత ఆసుపత్రులలో ఏడు దినముల లోపల 1,50,000 రూపాయల వరకు నగదు చెల్లింపు లేకయే చికిత్స జరుగును.

దరఖాస్తును మీరు నివసించు ప్రాంతపు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చును. 2019 సవరణ వలన ఆరు నెలల గడువు ఏర్పడి, 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. తలదెబ్బ పూర్తి ఫలితము తేలుటకు ఏడాది పట్టవచ్చును గదా అని ఆగరాదు. ముందు దరఖాస్తు వేయుడు. మెడికల్ బోర్డు ధ్రువపత్రమును, జ్ఞాపకశక్తి పరీక్షల ఫలితములను తరువాత దాఖలు చేయవచ్చును. రోగి స్వయముగా వ్యవహరింపలేనిచో దగ్గరి బంధువు అతని తరఫున నడుపవచ్చును.

ఎంత రావలెను? వైద్యులు వ్రాయు వైకల్య శాతము వేరు, సంపాదనకు కలిగిన నష్టము వేరు అని సుప్రీం కోర్టు 2010లో స్పష్టపరచినది. పంజాబు, హర్యానా హైకోర్టు నుండి వచ్చిన ఒక కేసు చూడుడు. తలిదండ్రులతో ట్రాక్టరుపై పోవుచున్న పండ్రెండేండ్ల బాలికను 2007లో లారీ గుద్దగా మెదడు దెబ్బతిన్నది. ట్రిబ్యునల్ సుమారు 11 లక్షలిచ్చినది. సుప్రీం కోర్టు 2020లో దానిని 62,27,000 రూపాయలకు పెంచినది. జీవితాంతము కనిపెట్టియుండు సహాయకుల ఖర్చే అందులో 21,60,000.

సేద్యగాని విషయములో ఒక చిక్కున్నది. భూమి ఎక్కడికిని పోలేదు గనుక దాని ఆదాయమంతయు నష్టముగా లెక్కింపరాదనియు, సేద్యము చూచుకొనుటకు వేరొకరిని నియమింపవలసి వచ్చుటను లెక్కలోనికి తీసికొనవలెననియు 2003 నాటి ఒక తీర్పు. కావున పాసుపుస్తకము ఒక్కటే చాలదు. పాలేరునకు, దుక్కికి, మందు చల్లుటకు ఎవరికెంత ఇచ్చినదీ తేదీలతో వ్రాసిపెట్టుడు. పూర్వము ఆ పనులను అతడే చేసికొనెడివాడని చెప్పుటకు ఇరుగుపొరుగు రైతులు సాక్ష్యము పలుకవచ్చును. గ్రామాధికారులు భూమి, సాగు వివరముల ధ్రువపత్రమును జాప్యము లేక ఇచ్చినచో మేలు.

ట్రాక్టరు స్వంతదారులకు ఒక మాట. సేద్యమునకు మాత్రమే బీమా చేసిన ట్రాక్టరు ట్రాలీలో జనమును ఎక్కించినచో, వారు ప్రయాణికులని కంపెనీ బాధ్యత నిరాకరించుట సర్వసాధారణము. అప్పుడు భారము స్వంతదారు ఇంటిపైకి రావచ్చును. పనిలో దెబ్బ తగిలిన కూలికి యజమాని చెల్లించు పరిహారపు మార్గము కూడ కలదు గాని, వాహన ప్రమాదమైనచో రెండింటిలో ఒకదానినే ఎన్నుకొనవలెను.

స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు 1987 నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగుడు. లోక్ అదాలతులో రాజీకి పిలిచినచో వెళ్లుడు, కాని వైకల్యము తేలకముందు సంతకము చేయకుడు. ఆ అవార్డుపై అప్పీలు లేదు.