చెలమలో తీపి, బోరులో ఉప్పు

సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా, ఇసుకలో చెలమ తవ్వితే మంచినీళ్లు ఊరతాయని తీరంలో ఉండేవాళ్లకు తెలుసు. ఇంకాస్త లోతుకు పోతే ఉప్పు తగులుతుందనీ తెలుసు. లీటరు మంచినీరు కిలో తూగితే, సముద్రపు నీరు దాదాపు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. అందుకే ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద తేలుతుంది.

ఆ 25 గ్రాములు వెయ్యిలో నలభయ్యో వంతు. భూగర్భజలం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. పైన ఒక్క మీటరు తగ్గిందా, మెల్లగా అయినా సరే, కింద నలభై మీటర్లు ఉప్పు పాలవుతుంది.

చెన్నైకి ఉత్తరాన ఉన్న మింజూరులో జరిగింది ఇదే. అరణి, కొశస్థలి నదులు మేటవేసిన ఇసుక పొరలవి. ఆ నదుల నీటిలో కొంత మన చిత్తూరు కొండల నుంచి దిగేదే. పొలాలకు, పరిశ్రమలకు, నగరానికి అక్కడి బోర్లే దిక్కయ్యాయి. 1969 నాటికే ఉప్పునీరు దాదాపు మూడు కిలోమీటర్లు లోపలికొచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పది కిలోమీటర్లు దాటింది. ఈ పాపం పెరుగుతున్న సముద్రం మీద వేస్తే అన్యాయం. ఇది మోటార్ల పని.

సముద్రం వంతు ఇప్పుడు మొదలవుతోంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్ర మట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఖాళీ నేలలో అయితే భూగర్భజలం కూడా దాంతోపాటు కొంత పైకి లేస్తుంది. నగరంలో ఆ వీలెక్కడిది? వాననీటిని సిమెంటు ఇంకనివ్వదు, ఇంకిన కాస్తా బోర్లు ఉంచవు. తమిళనాడు 2003లో ప్రతి భవనానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసింది అందుకే.

వంద బిందెల మంచినీటిలో రెండు బిందెల సముద్రపు నీరు కలిస్తే చాలు, క్లోరైడు తాగునీటికి పెట్టిన లీటరుకు 250 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. ఇసుక పొరల్లోకి చేరిన ఉప్పును వానలు కడిగేయాలంటే దశాబ్దాలు పడుతుంది.

2010లో అదే మింజూరు దగ్గర, కాట్టుపల్లిలో, రోజుకు పది కోట్ల లీటర్ల మంచినీరు తయారుచేసే కర్మాగారం మొదలైంది. దాని ముడిసరుకు సముద్రపు నీరు.