నేరబుద్ధి రక్తంలో ఉంటుందా?

పిల్లవాడు దొంగతనం చేసినా, తోటివాడి తల పగలగొట్టినా “తాత బుద్ధులు ఎక్కడికి పోతాయి? ఆ రక్తమే అంత” అనేస్తారు పెద్దలు. ఇది నిజమేనా? నేరబుద్ధి పుట్టుకతోనే వస్తుందా?

మెదడుకూ నేరానికీ కొంత సంబంధం ఉంది. కాని పెద్దలు అనుకునే విధంగా కాదు.

మెదడులోని బ్రేకు

నుదురు వెనుక ఉండే మెదడు ముందుభాగం బ్రేకులా పనిచేస్తుంది. కోపం వచ్చినా, కోరిక పుట్టినా “ఆగు, ఇది తప్పు” అని అదుపులో పెట్టేది ఈ భాగమే. ఇది పూర్తిగా ఎదగటానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. కుర్రతనంలో ఆవేశం ఎక్కువ, ఆలోచన తక్కువ కావటానికి ఇదొక కారణం.

ఈ బ్రేకు చెడితే? అమెరికాలోని వర్జీనియాలో 2000లో నలభై ఏళ్ళ ఉపాధ్యాయుడొకాయన ఉన్నట్లుండి చిన్నపిల్లల అసభ్య చిత్రాలు పోగుచేయసాగాడు. సవతి కూతురితో అసభ్యంగా ప్రవర్తించాడు. కోర్టులో నేరం రుజువైంది. జైలుశిక్ష పడబోయే ముందురోజు భరించలేని తలనొప్పితో ఆస్పత్రికి వెళ్ళాడు. మెదడు ముందుభాగంలో పెద్ద కంతి బయటపడింది. దానిని తీసివేయగానే ఆ వికారం పోయింది. 2001లో తలనొప్పి తిరగబెట్టింది, ఆ వికారమూ తిరిగి వచ్చింది. పరీక్షిస్తే కంతి మళ్ళీ పెరిగి ఉంది!

ఇలాంటివి చాలా అరుదు. మెదడులో కంతి ఉన్నవారంతా నేరాలు చేయరు. నేరాలు చేసేవారందరికీ కంతులు ఉండవు.

రసాయనాల పాత్ర

మెదడులోని నరాలు సెరటోనిన్ వంటి రసాయనాల ద్వారా కబుర్లు పంపుకుంటాయి. ముందువెనుకలు చూడకుండా దౌర్జన్యానికి దిగే కొందరిలో ఈ సెరటోనిన్ పని మందగించినట్లు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. ఇక సారాయి, బ్రాందీ చేసే పని మీకు తెలిసిందే. మొదట సడలేది ఆ బ్రేకే.

1993లో హాలెండులోని ఒక కుటుంబంలో, ఈ రసాయనాలను విరిచే ఎంజైము పుట్టుకతోనే లోపించిన మగవారిని గుర్తించారు. వారిలో విపరీతమైన కోపం, దౌర్జన్యం, నిప్పుపెట్టటం కనిపించాయి.

“చూశారా, రక్తమే!” అంటారేమో, ఆగండి. న్యూజీలాండులోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లలను పెద్దయ్యేవరకూ పరిశీలించారు. అదే ఎంజైము తక్కువగా తయారయ్యే మగపిల్లల్లో, చిన్నతనంలో చిత్రహింసలు పడ్డవారే ఎక్కువగా దౌర్జన్యపరులయ్యారని 2002లో వెల్లడించారు. అదే లోపం ఉన్నా ఆదరణతో పెరిగినవారు అలా కాలేదు. కాబట్టి జన్యువును చూసి ఎవరు నేరస్థుడవుతాడో చెప్పటం సాధ్యంకాదు.

మీరు చేయవలసినవి

పిల్లవాడి మొండితనానికి బెల్టు మందు కాదు. కొట్టి, వాతలు పెట్టి పెంచితే ఆవేశం ఇంకా పెరుగుతుంది.

నెమ్మదస్థుడైన మనిషి నడివయసులో హఠాత్తుగా మారిపోయి సిగ్గువిడిచి మాట్లాడటం, డబ్బు తగలేయటం, దుకాణాల్లో వస్తువులు జేబులో వేసుకోవటం చేస్తుంటే “మదమెక్కింది” అనుకోకండి. మెదడు ముందుభాగం క్షీణించే జబ్బులో ఇలాగే జరుగుతుంది. తలనొప్పి, వాంతులు, మూర్ఛలు ఉన్నా, తలకు దెబ్బ తగిలిన తర్వాత స్వభావం మారినా ఆలస్యం చేయకండి. భూతవైద్యుడి దగ్గరకు కాక నరాల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

అతనివల్ల ఇంట్లో పిల్లలకో, ఆడవారికో ప్రమాదం ఉంటే ముందు వారిని దూరంగా ఉంచండి. జబ్బు ఉండవచ్చునన్న జాలితో దౌర్జన్యాన్ని దాచిపెట్టకండి. చికిత్సా, రక్షణా రెండూ అవసరమే.

ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వం నడిపే టెలి-మానస్‌కు 14416 నెంబరుపై ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.